నాలుగు ట్రాకుల క్యాసెట్ రికార్డర్: తిరుపతి, చిత్తూరు ప్రాంతంలో ఇంటి రికార్డింగు

మామూలు ఆడియో క్యాసెట్ మీదే నాలుగు శబ్దాలను విడివిడిగా ముద్రించి, ఒకటి వింటూ మరొకటి చేర్చి, చివరకు నాలుగింటినీ కలిపి పాటగా తీసే యంత్రం నాలుగు ట్రాకుల క్యాసెట్ రికార్డర్. టేప్ డెక్, చిన్న మిక్సర్ రెండూ ఒకే పెట్టెలో ఉంటాయి. జపాన్‌కు చెందిన టియాక్ సంస్థ 1979లో తెచ్చిన పోర్టాస్టూడియో 144 ఈ కోవలో మొదటిది. అమెరికాలో అప్పటి ధర 899 డాలర్లు. అంతకుముందు నాలుగు ట్రాకులు కావాలంటే రీళ్ల యంత్రం, దానికి వేరే మిక్సర్, వాటిని నడపడం తెలిసిన మనిషి ఉండాల్సిందే. 1967లో బీటిల్స్ బృందం లండన్‌లోని ఈఎంఐ స్టూడియోలో ‘సార్జెంట్ పెప్పర్స్’ ఆల్బమ్ చేసింది కూడా నాలుగు ట్రాకుల యంత్రాల మీదే. వాటిలో తిరిగిన టేపు వెడల్పు ఒక అంగుళం. క్యాసెట్ టేపు వెడల్పు 3.81 మిల్లీమీటర్లు. అంత సన్నటి టేపు మీద నాలుగు దారులు వేసి, ఇంట్లో బల్ల మీద పెట్టుకునేంత చిన్న పెట్టెలో ఇమడ్చడమే పోర్టాస్టూడియో సాధించిన పని.

1982 జనవరిలో అమెరికన్ గాయకుడు బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ న్యూజెర్సీలో తాను ఉంటున్న ఇంట్లో ఈ 144 మీద, రెండు షూర్ మైకులతో నమూనా పాటలు పాడి పెట్టుకున్నాడు. తర్వాత బృందంతో స్టూడియోలో ఎంత పాడినా ఇంటి టేపులోని గుణం రాలేదు. చివరకు ఆ టేపునే ‘నెబ్రాస్కా’ పేరుతో అదే ఏడాది సెప్టెంబరులో విడుదల చేశారు. ఇంటి రికార్డింగు మీద నమ్మకం కుదిరించిన ఉదాహరణగా దీన్నే అందరూ చెబుతారు.

టేపు మీద ఏం జరుగుతుంది

ఫిలిప్స్ సంస్థ 1963లో తెచ్చిన క్యాసెట్‌కు రెండు వైపులు. ఒక్కో వైపు స్టీరియోకు రెండేసి దారులు, మొత్తం నాలుగు. మామూలు టేప్ రికార్డర్ ఒక వైపు రెండు దారులు చదువుతుంది, తిప్పి వేస్తే మిగతా రెండూ చదువుతుంది. నాలుగు ట్రాకుల యంత్రంలోని హెడ్ ఆ నాలుగింటినీ ఒకే దిశలో, ఒకేసారి వాడుకుంటుంది. కాబట్టి ఇందులో రెండో వైపు అంటూ ఉండదు. ఇలా చేసిన క్యాసెట్‌ను మామూలు టేప్ రికార్డర్‌లో వేస్తే మొదటి రెండు ట్రాకులు సరైన దిశలో వినిపిస్తాయి. తిప్పి వేస్తే మిగతా రెండూ వెనక నుంచి ముందుకు, తలకిందులుగా వస్తాయి. అందుకే చివరి మిశ్రమాన్ని వేరే రికార్డర్‌లోకి తీసుకోవడం తప్పనిసరి. ఆ రోజుల్లో దానికి రెండో టేప్ డెక్ కావలసి వచ్చేది, ఇప్పుడు కంప్యూటర్ చాలు.

క్యాసెట్ మామూలు వేగం సెకనుకు 4.76 సెంటీమీటర్లు. కొన్ని మోడళ్లు దీనికి రెట్టింపు వేగంతో నడుస్తాయి. రెట్టింపు వేగంలో తాళాల మోత, వయొలిన్ పై స్థాయి స్పష్టంగా నిలుస్తాయి, టేపు బుస తగ్గుతుంది. అయితే 60 నిమిషాల క్యాసెట్‌లో దొరికేది 15 నిమిషాలే. మామూలు వేగంలో అదే క్యాసెట్ 30 నిమిషాలు వస్తుంది. ఒక కీర్తనకు 15 నిమిషాలు ధారాళం. హరికథ ఘట్టానికి 30 కూడా చాలవు.

ఓవర్‌డబ్ అన్నది ఈ యంత్రానికి ప్రాణం. ఒకటో ట్రాకులో ఉన్నది హెడ్‌ఫోనులో వింటూ రెండో ట్రాకులో పాడతారు. ఒకే హెడ్ ఒక దారిలో చదువుతూ పక్క దారిలో రాస్తుంది కాబట్టి రెండింటి లయా తప్పదు. నాలుగూ నిండాక దారి లేదా అంటే ఉంది. మూడు ట్రాకులను కలిపి నాలుగో దానిలోకి దింపి, మూడింటినీ ఖాళీ చేసుకోవచ్చు. దీన్ని బౌన్సింగ్ అంటారు. దింపేటప్పుడే ఒక్కో గొంతు కొత్తగా చేర్చుకుంటూ పోతే మొదట నాలుగు, తర్వాత మూడు, తర్వాత రెండు, చివర ఒకటి, మొత్తం పది భాగాలు పడతాయి. ఒకసారి దింపాక మళ్లీ విడదీయలేం, దింపిన ప్రతిసారీ బుస పెరుగుతుంది. ఏ గొంతు ఎంత పైకి ఉండాలో ముందే తేల్చుకోవాల్సి రావడం కొత్తవారికి కష్టంగా ఉంటుంది. కానీ వినడం నేర్పేది అదే.

ఈ ప్రాంతంలో క్యాసెట్

2022 ఏప్రిల్‌లో పాత చిత్తూరు జిల్లా విడిపోయి తిరుపతి, చిత్తూరు జిల్లాలు వేరయ్యాయి, పడమటి భాగం కొంత అన్నమయ్య జిల్లాలో కలిసింది. ఈ మొత్తం నేల సంగీతం క్యాసెట్‌తో బలంగా ముడిపడింది. అందుకు కారణం అన్నమాచార్యుల కీర్తనలు.

1408లో పుట్టి 1503లో పోయిన తాళ్లపాక అన్నమాచార్యులు సుమారు 32,000 కీర్తనలు చెప్పారని ప్రతీతి. తిరుమల ఆలయంలోని సంకీర్తన భాండాగారంలో దొరికిన రాగిరేకుల మీద 14,000కు పైచిలుకు మిగిలాయి. రేకుల మీద కీర్తనకు రాగం పేరు ఉంది కానీ స్వరం లేదు. అంటే సాహిత్యం మనకు అందింది, వరుస అందలేదు. ఈనాడు ఇంటింటా పాడుకునే వరుసల్లో ఎక్కువ భాగం 20వ శతాబ్దంలో కట్టినవే. తిరుపతిలో పనిచేసిన రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ నూటెనిమిది కీర్తనలకు స్వరరచన చేశారు. 1978లో తిరుమల తిరుపతి దేవస్థానం అన్నమాచార్య ప్రాజెక్టు మొదలుపెట్టాక నేదునూరి కృష్ణమూర్తి, గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ వంటివారు వందల కీర్తనలకు వరుసలు కట్టారు. వాయల్పాడులో పుట్టిన శోభారాజు గొంతు కూడా ఆ కాలంలోనే ఇళ్లలోకి చేరింది. ఎం.ఎస్. సుబ్బులక్ష్మి పాడిన బాలాజీ పంచరత్నమాల అయిదు ఎల్పీలుగా దేవస్థానం చొరవతోనే వచ్చింది. ఎల్పీ కొనగలిగిన ఇళ్లు తక్కువ. క్యాసెట్ మాత్రం పల్లెలకూ వెళ్లింది. భజన మందిరంలో కొత్త కీర్తన నేర్చుకోవాలంటే టేపు ఆపి, వెనక్కి తిప్పి, మళ్లీ విని, వరుస పట్టుకునేవారు. తిరుపతిలో 1959లో మొదలైన శ్రీ వేంకటేశ్వర సంగీత నృత్య కళాశాల గురువు దగ్గర నేర్పితే, కళాశాల గడప తొక్కలేని వారికి ఆ పని క్యాసెట్ చేసింది.

ఇళ్లలో ఉన్న యంత్రం మాత్రం నాలుగు ట్రాకులది కాదు, రేడియో, టేప్ రికార్డర్ కలిసిన టూ-ఇన్-వన్. గల్ఫ్ వెళ్లిన కొడుకో అల్లుడో తెచ్చిన నేషనల్ పానసోనిక్ పెట్టె మంచం పక్కన ఉండేది. దాని ముందు కూర్చుని పాడి పట్టుకున్న పెళ్లిపాటలు, హరికథలు, మహాభారత ఉత్సవాల వీధినాటకాలు ఎన్నో ఇళ్లలో ఇప్పటికీ ఉన్నాయి. ఒకే మైకు, ఒకేసారి, అందరూ కలిసి. అంతకంటే పెద్ద రికార్డింగు కావాలంటే మద్రాసు స్టూడియోకు వెళ్లాలి. తెలుగు సినిమా పాట కూడా చాలాకాలం అక్కడే రికార్డయింది. మద్రాసు స్టూడియోకూ మంచం పక్కన టూ-ఇన్-వన్‌కూ నడుమ ఉండాల్సిన మెట్టు నాలుగు ట్రాకుల యంత్రం. ఆ మెట్టు ఇక్కడి ఇళ్లకు ఆ రోజుల్లో అందుబాటులోకి రాలేదు. ఇప్పుడు అమెరికాలో ఉన్న బంధువుల సామానులోనో, చెన్నై, బెంగళూరు పాత సామాను అమ్మేవారి దగ్గరో దొరుకుతోంది.

మన పాటకు ఎన్ని ట్రాకులు, ఎలా

ఈ యంత్రం గురించి ఇంగ్లీషులో వచ్చిన సలహాలు ఎక్కువగా గిటారు వాయించుకుంటూ ఒంటరిగా పాడే మనిషిని దృష్టిలో పెట్టుకుని రాసినవి. ముందు డ్రమ్ము, తర్వాత బేస్, తర్వాత గిటారు, చివర గొంతు. మన కచేరీ అలా నడవదు. మృదంగం వాయించే మనిషి గాయకుడి ముఖం చూసి వాయిస్తాడు. వయొలిన్ గాయకుడి సంగతిని అప్పటికప్పుడు అందుకుంటుంది. మృదంగాన్ని ముందు పట్టేసి, దాని మీద పాడమంటే పాట బిగుసుకుపోతుంది. కాబట్టి యంత్రం కొనబోయేవారు ముందు అడగాల్సింది కంపెనీ పేరు కాదు. ఒకేసారి ఎన్ని ట్రాకులు రికార్డు చేస్తుందన్నది అడగాలి.

నాలుగు ట్రాకుల యంత్రాలన్నీ నాలుగింటినీ ఒకేసారి రికార్డు చేయవు. చవక మోడళ్లు ఒకసారికి రెండే తీసుకుంటాయి. చిన్న కచేరీలో గాత్రం, వయొలిన్, మృదంగం, తంబురా కలిపితే సరిగ్గా నాలుగు. నాలుగూ ఒకేసారి తీసుకునే యంత్రం ఉంటే కచేరీని కచేరీగానే పట్టుకుని, ఎవరు ఎంత పైకి వినిపించాలో తీరికగా తర్వాత సరిచేసుకోవచ్చు. భజనకూ ఇదే లెక్క: చెప్పేవారి గొంతు ఒకటి, వెంట పాడేవారికి ఒకటి, హార్మోనియానికి ఒకటి, డోలక్‌కూ తాళాలకూ కలిపి ఒకటి. వీధినాటకంలోనూ అంతే. ద్రౌపదమ్మ గుడి దగ్గర మహాభారత ఉత్సవాలలో పగలు హరికథ, రాత్రి నాటకం ఆడే ఈ ప్రాంతంలో వేషధారి పాట, వంతపాట, మద్దెల, హార్మోనియం వేర్వేరుగా పడితే ఆ కళకు మంచి నమోదు మిగులుతుంది.

అయితే ఒకే గదిలో నలుగురూ కూర్చుంటే ఒకరి శబ్దం మరొకరి మైకులో పడక తప్పదు. అన్నింటికంటే దూరం పోయేది తాళాల మోత. తాళం వేసే మనిషిని గాయకుడి మైకుకు వెనక, గది చివర కూర్చోబెట్టాలి. మన ఇళ్లలో సిమెంటు శ్లాబు, కడప బండల నేల శబ్దాన్ని తిరగ్గొడతాయి. నేల మీద బొంతలు, పరుపులు పరిచి, గోడకు మందపాటి దుప్పట్లు వేలాడదీస్తే ఖరీదైన మైకు కొన్నంత తేడా తెలుస్తుంది. ఫ్యాను ఆపాలి. మే నెలలో తిరుపతిలో 40 డిగ్రీలు దాటే ఎండలో అది చిన్న విషయం కాదు. వేసవిలో పని రాత్రి పెట్టుకోవడమే మేలు.

ఒంటరిగా పని చేసుకునేవారి సంగతి వేరు. కీర్తనకు కొత్త వరుస కట్టేవారికి ఇంతకు మించిన పలక లేదని ఈ వ్యాసకర్త అభిప్రాయం. ముందు నాలుగో ట్రాకులో తాళం మాత్రం వేసుకోవాలి, ఎలక్ట్రానిక్ తాళం పెట్టె ఉంటే దాన్నే పట్టవచ్చు. పల్లవి ఎత్తుకోవడానికి ముందు రెండు ఆవర్తనాలు ఖాళీ తాళం వదలాలి, లేకపోతే ఎత్తుగడ ఎక్కడో తెలియక ప్రతి ట్రాకూ తడబడుతుంది. ఒకటో ట్రాకులో శ్రుతి, రెండో దానిలో గొంతు, మూడో దానిలో హార్మోనియం లేదా వయొలిన్. గొంతు కుదిరాక నాలుగో ట్రాకులోని తాళాన్ని చెరిపి, దాని స్థానంలో వంతపాట వేసుకోవచ్చు. పాడేటప్పుడు హెడ్‌ఫోను ఒక చెవికే పెట్టుకుంటే సొంత గొంతు శ్రుతి తెలుస్తుంది. చరణం రెండు రకాలుగా పాడి రెండు ట్రాకుల్లో పెట్టుకుని, పక్కపక్కన విని, నచ్చినదాన్ని ఉంచుకోవచ్చు. టూ-ఇన్-వన్‌తో ఇది కుదరని పని.

వేగం కొంచెం పెంచే, తగ్గించే మీట ఈ యంత్రాల్లో చాలావాటికి ఉంటుంది. దీన్ని పిచ్ కంట్రోల్ అంటారు. వేగం సుమారు 6 శాతం పెంచితే శ్రుతి అర మెట్టు పెరుగుతుంది, ఒకటి శ్రుతిలో పాడింది ఒకటిన్నరకు వస్తుంది. హార్మోనియం మెట్లు మారవు, నాదస్వరం శ్రుతి దానిదే. ఈ రెండూ వేర్వేరు రోజుల్లో రికార్డు చేయాల్సి వస్తే ఆ మీట ఆదుకుంటుంది. కానీ శ్రుతితో పాటు వేగమూ మారుతుంది. అర మెట్టు మించి లాగితే గొంతు సహజంగా ఉండదు.

మోడళ్లు

మొదటి 144 ఇప్పుడు పాతకాలపు వస్తువు, మరమ్మతు కష్టం, కొత్తవారికి సలహా ఇవ్వదగ్గది కాదు. 1982లో అదే టియాక్ సంస్థ నుంచి వచ్చిన టాస్కామ్ 244 రెట్టింపు వేగంతో నడుస్తుంది, నాలుగు ట్రాకులనూ ఒకేసారి తీసుకుంటుంది, బరువైనది, దృఢమైనది. 1983 నాటి ఫోస్టెక్స్ ఎక్స్-15 చిన్నది, బ్యాటరీలతోనూ నడుస్తుంది. ఒకసారికి రెండు ట్రాకులే, మామూలు వేగమే. టాస్కామ్ పోర్టా వన్ కూడా బ్యాటరీలతో నడిచేదే. కరెంటు ఎప్పుడు పోతుందో తెలియని చోట, గుడి ముందు నాటకం పట్టుకునేటప్పుడు బ్యాటరీ విలువ తెలుస్తుంది. ఇన్వర్టర్ నుంచి వచ్చే గుర్రుమనే శబ్దం ట్రాకులో పడే బాధ కూడా ఉండదు.

1990లలో వచ్చిన టాస్కామ్ 424, యమహా ఎంటీ4ఎక్స్ నాలుగు ట్రాకులనూ ఒకేసారి రికార్డు చేస్తాయి, రెట్టింపు వేగమూ ఉంది. భజన బృందానికైనా, చిన్న కచేరీకైనా ఈ రెండిట్లో బాగున్నది ఏది దొరికితే అది తీసుకోవచ్చు. టాస్కామ్ పోర్టా 02 అన్నింటికంటే సులువైనది. రెండే ఇన్‌పుట్లు, మామూలు వేగం. ఒంటరిగా వరుస కట్టుకునేవారికి అదే చాలు, ఎక్కువ ఖర్చు పెట్టనక్కర్లేదు.

వీటిలో చాలావాటికి డీబీఎక్స్ అనే బుస తగ్గించే ఏర్పాటు ఉంటుంది. రికార్డు చేసేటప్పుడు శబ్దం హెచ్చుతగ్గులను సగానికి నొక్కి, వినేటప్పుడు తిరిగి విప్పుతుంది. గొంతుకూ తంబురాకూ బాగుంటుంది. మృదంగం, పంబ, పలకల వంటి ఒక్కసారిగా మోగే వాద్యాలకు దెబ్బ దెబ్బకూ బుస ఊపిరి తీసినట్టు వినిపించవచ్చు. డప్పు ట్రాకుకు దాన్ని ఆపి చూసి, రెండూ విని నిర్ణయించుకోవాలి. ఒక యంత్రంలో డీబీఎక్స్‌తో పట్టింది అదే ఏర్పాటు లేని యంత్రంలో వినకూడదు.

మైకుల కోసం బెంగపడనక్కర్లేదు. ప్రతి భజన మందిరంలో కనిపించే అహుజా డైనమిక్ మైకు వీటికి సరిపోతుంది. ఈ యంత్రాల్లో ఎక్కువ వాటికి కండెన్సర్ మైకుకు కావలసిన కరెంటు ఇచ్చే సదుపాయం లేదు, కాబట్టి స్టూడియో మైకు కొని తెచ్చినా పనిచేయదు.

పాత యంత్రం కొనేటప్పుడు

కొత్త నాలుగు ట్రాకుల క్యాసెట్ యంత్రం ఇప్పుడు పెద్ద కంపెనీలేవీ చేయడం లేదు. దొరికేదంతా వాడినదే. కాబట్టి మోడల్ కంటే ఆ ఒక్క యంత్రం ఎలా ఉందన్నదే ముఖ్యం. బాగున్న పోర్టా 02, చెడిన 424 కంటే వంద రెట్లు నయం.

అన్నింటికంటే మంచి పరీక్ష మన చేతిలోనే ఉంది: శ్రుతి పెట్టె. బెంగళూరు రేడెల్ వంటి సంస్థలు చేసిన ఎలక్ట్రానిక్ తంబురాను రెండు నిమిషాలు ఒక ట్రాకులో పట్టి వినాలి. టేపు వేగం ఏమాత్రం ఊగినా షడ్జమం వణుకుతుంది. మోటారు, బెల్టు, రబ్బరు చక్రం, ఏది చెడినా ఆ వణుకులో తెలిసిపోతుంది. గిటారు మీద, డ్రమ్ము మీద ఇంత తేలిగ్గా తెలియదు. ఇదే పరీక్ష నాలుగు ట్రాకుల్లోనూ విడివిడిగా చేయాలి. ఒక్క ట్రాకు మూగగా ఉన్నా, శబ్దం మందంగా వచ్చినా హెడ్ అరిగిందనో మురికి పట్టిందనో అర్థం. హెడ్ మీద టేపు నడిచే చోట గోరు ఆనిస్తే గాడి తగులుతుంటే ఆ యంత్రం వదిలేయడమే మంచిది. హెడ్ మార్చడం మన దగ్గర దాదాపు అయ్యే పని కాదు.

బెల్టు చెడిందంటే భయం లేదు. దశాబ్దాలు పెట్టెలో ఉన్న రబ్బరు కొన్నిసార్లు తారులా కరిగి అంటుకుపోతుంది. దాన్ని తుడిచి, ఆ యంత్రానికి సరిపోయే కొలత బెల్టు వేస్తే సరి. చెన్నై రిచీ స్ట్రీట్, బెంగళూరు ఎస్పీ రోడ్డు ఎలక్ట్రానిక్ విడిభాగాల బజార్లు. చిత్తూరు నుంచి రెండూ ఒక్క రోజులో వెళ్లి రాగలిగిన దూరమే. జారే మీటలను కదిపినప్పుడు గరగరలాడితే అది దుమ్ము, కాంటాక్ట్ క్లీనర్‌తో పోతుంది.

అమెరికా నుంచి వచ్చిన యంత్రం 120 వోల్టులది, జపానుది 100 వోల్టులది. మన 230 వోల్టుల ప్లగ్గులో నేరుగా పెడితే ఆ క్షణంలోనే కాలిపోతుంది. 244 వంటి లోపలే ట్రాన్స్‌ఫార్మర్ ఉన్నవాటికి వోల్టేజి దించే ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. బయట అడాప్టర్ ఉన్నవాటికి అదే వోల్టేజి, అంతకు తగ్గని కరెంటు, అదే ధ్రువత ఉన్న అడాప్టర్ ఇక్కడే కొనుక్కోవచ్చు. ధ్రువత తిరగబడితే లోపలి సర్క్యూటు పోతుంది, ఇది మాత్రం రెండుసార్లు చూసుకోవాలి.

టేపు, వాన, దుమ్ము

ఈ యంత్రాలు ఎక్కువగా టైప్ 2 టేపుకు, అంటే క్రోమ్ రకానికి అమర్చి ఉంటాయి. ఇప్పుడు కొత్తగా తయారయ్యే క్యాసెట్లు ఎక్కువగా టైప్ 1 ఫెర్రిక్ రకం. వాటిని వేస్తే పాట పై స్థాయి మొద్దుబారుతుంది. పాత నిల్వలోని సీలు విప్పని టైప్ 2 దొరికితే ధర ఎక్కువైనా కొనడం మంచిది. 60 నిమిషాలది మేలు, 90 నిమిషాలది ఫరవాలేదు, 120 నిమిషాల టేపు మరీ పలచన, చుట్టుకుపోతుంది.

తిరుపతి వైపు వానలు ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు వరకు, ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. ఆ నెలల్లో బీరువాలో ఉన్న క్యాసెట్‌కు తెల్లటి బూజు పడుతుంది. గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో పెట్టుకుంటే నిలుస్తాయి. పని మొదలుపెట్టే ముందు మందుల దుకాణంలో దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో హెడ్‌ను దూది పుల్లతో తుడవాలి. స్పీకర్ల దగ్గర క్యాసెట్లు పెట్టకూడదు.

పాత క్యాసెట్లను బతికించడం

ఈ ప్రాంతంలో నాలుగు ట్రాకుల యంత్రం చేయగల మరో పని ఉంది. దాన్ని మొదటి పనిగా చెప్పినా తప్పు లేదు. ముందు చెప్పుకున్నట్టు మామూలు క్యాసెట్ రెండు వైపులా కలిపి నాలుగు దారులే. మామూలు వేగంలో నడిచే, ట్రాకుకొక అవుట్‌పుట్ ఉన్న నాలుగు ట్రాకుల యంత్రంలో పాత హరికథ క్యాసెట్ వేస్తే రెండు వైపులూ ఒకేసారి వస్తాయి. ఒక వైపు సరిగ్గా, రెండో వైపు తలకిందులుగా. నాలుగింటినీ కంప్యూటర్‌లోకి ఎక్కించి, తలకిందులైన రెండింటినీ ఆడాసిటీ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఒక్క ఆదేశంతో తిప్పితే 60 నిమిషాల క్యాసెట్ 30 నిమిషాల్లో భద్రమవుతుంది. టేపు కూడా హెడ్ మీదుగా ఒక్కసారే నడుస్తుంది. బూజు పట్టి, విరిగే స్థితిలో ఉన్న టేపుకు ఇది పెద్ద ఉపకారం. డీబీఎక్స్ ఆపి ఉంచాలి. ఆనాటి టూ-ఇన్-వన్ బ్యాటరీ సన్నగిల్లి నెమ్మదిగా తిరిగి ఉంటే, ఇప్పుడు గొంతు కీచుమని వేగంగా వినిపిస్తుంది. పిచ్ కంట్రోల్‌తో దాన్ని హార్మోనియం శ్రుతికి సరిచేయవచ్చు. రెట్టింపు వేగం మాత్రమే ఉన్న 144, 244 ఈ పనికి పనికిరావు.

డిజిటల్ యంత్రాలు

ఇంటి రికార్డింగే ధ్యేయం, టేపు మీద ప్రత్యేకమైన మోజు లేదు అనేవారు టేపు జోలికి పోనక్కర్లేదు. టాస్కామ్ డీపీ-006, డీపీ-008ఈఎక్స్, 2023లో వచ్చిన జూమ్ ఆర్4 వంటివి ఇదే పద్ధతిని మెమరీ కార్డు మీద చేస్తాయి. బుస లేదు, బెల్టు లేదు, బౌన్స్ చేసినా నాణ్యత తగ్గదు. ఇవి కూడా ఒకసారికి రెండు ఇన్‌పుట్లే తీసుకుంటాయి కాబట్టి కచేరీకి కొనేవారు ఇన్‌పుట్ల లెక్క ఇక్కడా చూసుకోవాలి. ఫోనులో గ్యారేజ్‌బ్యాండ్, బ్యాండ్‌ల్యాబ్ వంటివి ఉచితం. విద్యార్థికి అవే చాలు.

డబ్బు ఒక్కసారే పెట్టగలిగినవారికి, భజన బృందమో చిన్న కచేరీనో పట్టుకోవాలనుకుంటే నాలుగు ట్రాకులు ఒకేసారి తీసుకునే 424 కోవ యంత్రం, ఒంటరిగా వరుస కట్టుకునేవారికి పోర్టా 02 లేదా ఫోను. కొనే ముందు శ్రుతి పెట్టె పరీక్ష తప్పనిసరి. యంత్రం చేతికొచ్చిన వారు తమ కొత్త పాటకంటే ముందు ఊళ్లోని పాత క్యాసెట్లు అడిగి తెచ్చి ఎక్కించాలి. ఆ హరికథలు చెప్పినవారిలో, ఆ నాటకాలు కట్టినవారిలో చాలామంది ఇప్పుడు లేరు. వారి గొంతు ఆ టేపుల మీద తప్ప ఇంకెక్కడా దొరకదు.